హైజంప్ స్కోరుషీటు రాయడం ఎలా?

ఒకప్పుడు హైజంప్ చేసి, ఆ తరువాత వ్యాయామోపాధ్యాయులై, మండల, జిల్లా స్థాయి పాఠశాల పోటీలలో అధికారులుగా వ్యవహరించేవారు పాత అలవాటు కొద్దీ విద్యార్థుల పరుగునూ, వీపు వంపునూ గమనిస్తూ ఉండిపోతారు. పతకాన్ని తేల్చేది మాత్రం చాలాసార్లు స్కోరుషీటే.

బార్ ఎత్తు పెంచిన ప్రతిసారీ, ఎవరూ దూకకముందే, నేల నుండి నిలువుగా బార్ పై అంచులో అన్నిటికంటే దిగువన ఉన్న చోటు వరకు కొలవాలి. బార్ మధ్యలో కొంత కుంగుతుంది కనుక స్తంభం మీది అంకెను నమ్మి ఊరుకోకూడదు. కిందపడిన బార్‌ను ప్రతిసారీ అదే వైపు తిప్పి పెట్టేందుకు వీలుగా దానిపై ఒక గుర్తు వేసుకోవాలి.

దాటితే సున్నా, విఫలమైతే ఇంటూ, ఆ ప్రయత్నాన్ని వదులుకుంటే అడ్డగీత వేయాలి. వరుసగా మూడు ఇంటూలు పడితే, అవి వేర్వేరు ఎత్తులలో పడినా సరే, ఆ విద్యార్థి పోటీ ముగిసినట్టే. ఒంటికాలితో ఎగరకపోతే అదీ వైఫల్యమే. బార్ ఇంకా ఊగుతుండగా, దాటినట్టు తెలిపే తెల్లజెండా ఎత్తకండి.

చిక్కంతా సమానంగా నిలిచినప్పుడే వస్తుంది. ఇద్దరూ 1.50 మీటర్లు రెండో ప్రయత్నంలో దాటి, 1.53 వద్ద ఆగిపోయారనుకుందాం. ముందుగా 1.50 వద్ద వైఫల్యాలు చూడాలి, అవి సమానం. అప్పుడు మొదటి నుండి 1.50 వరకు పడిన ఇంటూలన్నీ కూడాలి. ఒకరికి 1.40 వద్ద అదనంగా ఒకటి ఉంటే రెండో వ్యక్తిదే గెలుపు. 1.53 వద్ద పడినవి ఈ లెక్కలోకి రావు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అప్పటికీ తేలకపోతే, మొదటి స్థానానికి మాత్రమే జంప్‌ఆఫ్, అంటే విజేతను తేల్చే అదనపు ప్రయత్నాలు, పెట్టాలి. అది వద్దనుకునే టోక్యో ఒలింపిక్స్‌లో 2.37 మీటర్ల వద్ద ఖతర్ క్రీడాకారుడు బర్షిమ్, ఇటలీ క్రీడాకారుడు తంబేరి స్వర్ణాన్ని పంచుకున్నారు.

ఈ లెక్క విలువ బ్రిటన్ క్రీడాకారిణి డొరతీ టైలర్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. 1936 బెర్లిన్‌లో ముగ్గురు 1.60 దాటగా, ఆమె తొలి ప్రయత్నంలోనే దాటినా, నాటి నిబంధన ప్రకారం జంప్‌ఆఫ్ జరిగి రజతమే దక్కింది. 1948 లండన్‌లో ఇద్దరు 1.68 దాటారు, తొలి ప్రయత్నంలో దాటిన అమెరికన్ ఆలిస్ కోచ్‌మన్‌కు స్వర్ణం, రెండో ప్రయత్నంలో దాటిన టైలర్‌కు మళ్ళీ రజతం వచ్చాయి. కోచ్‌మన్ ఆ తరువాత ఉపాధ్యాయురాలయ్యారు.

ఫలితం ప్రకటించే ముందు షీటును మరొక అధికారి చేత సరిచూపించి సంతకం తీసుకోండి. మీ పాఠశాల విద్యార్థి బరిలో ఉంటే, జెండాను ముందే ఇంకొకరికి అప్పగించండి.