తాగే తీపి తగ్గించుకుంటే, తినే తీపి నిలుస్తుంది

తీపి ఇష్టమున్నవాళ్ళు సాధారణంగా ముందు స్వీట్లు మానేస్తారు. టీలో పంచదార మాత్రం అలాగే ఉంటుంది. పది రోజులు గడిచేసరికి మందస కోవా కంటబడితే ఆగలేక నాలుగు తినేస్తారు. ఇది తిరగేసి చెయ్యాలి. ముందు తాగే తీపిని తగ్గించండి, ఎంతో ఇష్టమైన స్వీటును ఉండనివ్వండి.

మొదట పంచదార డబ్బా కొలవండి. నలుగురు పెద్దలున్న ఇంట్లో మనిషికి రోజుకు మూడు టీలు, టీకి రెండు చెంచాలు అనుకుంటే రోజుకు 24 చెంచాలు. తలకొట్టిన చెంచా సుమారు 5 గ్రాములు, అంటే రోజుకు 120 గ్రాములు, నెలకు 3.6 కిలోలు. మనిషికి 30 గ్రాములు పడుతోంది. పైనుంచి కలిపే తీపి రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిఠాయి ముట్టకుండానే, టీతోనే ఆ 25 దాటిపోయిందన్నమాట. నెల సరుకుల చీటీలో పంచదార ఎంత రాస్తున్నారో చూసుకుంటే మీ ఇంటి లెక్క తేలిపోతుంది.

టీ దగ్గర ఒక కిటుకుంది. మన టీలో కొంత పంచదార వగరును కప్పడానికే పడుతుంది. పొడి ఎక్కువేసి, ఆరేడు నిమిషాలు మరిగించి, మిగిలింది మళ్ళీ వేడిచేస్తే ఎవరికైనా రెండు చెంచాలు కావాల్సిందే. అందుకని పొడి కాస్త తగ్గించి, నీళ్ళు మరిగాక వేసి, రెండు నిమిషాలతో సరిపెట్టండి. దంచిన అల్లం, రెండు యాలకులు పడితే వాసనే తియ్యగా ఉంటుంది. పాలు చిక్కగా పొయ్యండి, పాలలో సహజంగా కొంత తీపి ఉంటుంది. పంచదార గిన్నెలో కలిపెయ్యకండి, ఎవరి కప్పులో వాళ్ళే వేసుకోవాలి. లేకపోతే ఒకరి కోసం తగ్గిస్తే అందరూ గొడవ పెడతారు, మర్నాడు మళ్ళీ పాత కొలతే.

మొదటి వారం గోపురంలా నింపే చెంచాను తలకొట్టి వెయ్యండి, అంతే. ఆ తర్వాత వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. రెండు చెంచాల నుంచి ఒకటికి నాలుగు వారాలు, అక్కణ్ణుంచి అరచెంచాకు మరో రెండు. నాలుక అలవాటు పడడానికి ఆ పాటి వ్యవధి కావాలి. ఒక్కసారిగా మానేస్తే టీ కషాయంలా అనిపించి, మూడో రోజుకే డబ్బా తెరుస్తారు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు కప్పు చేతికొచ్చాక చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు. పొయ్యి మీద గిన్నె పెట్టేటప్పుడే "నాకు పంచదార అరచెంచా చాలమ్మా" అనేయండి.

చెరుకురసం, కూల్‌డ్రింకుల సంగతి ఇంకా గట్టిది. పావులీటరు కూల్‌డ్రింకులో అయిదు చెంచాల పైన పంచదార ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తీపి నాలుకకు తక్కువ తెలుస్తుంది కాబట్టి అంత ఉందని అనిపించదు. ఎండలో మజ్జిగో, ఉల్లిపాయ నంజుకుని చోడి (రాగి) అంబలో తాగితే దాహమూ ఆకలీ రెండూ తీరుతాయి. మామిడిపండు, పనసతొనలు రసం తియ్యకుండా నమిలి తినండి. పీచు ఉండడం వల్ల కడుపు నిండినట్టు తొందరగా తెలుస్తుంది.

బెల్లానికి మారితే పనైపోయిందనుకోకండి. బెల్లమైనా, తాటిబెల్లమైనా, తేనె అయినా అందులో ఎక్కువ భాగం చక్కెరే, లెక్కలో అదీ పడుతుంది. పంచదారకు బదులు టీలో వేసుకునే తీపి బిళ్ళలు కూడా దారి కాదు. బరువు తగ్గడానికి వాటిని వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, నాలుక తీపిని కోరుతూనే ఉంటుంది కూడా.

సాయంత్రం నాలుగింటికి తీపి మీదకు మనసు పోయేది చాలాసార్లు ఆకలి వల్లే. ఆ వేళకు ఉడికించిన వేరుశనగలో, శనగ గుగ్గిళ్ళో, పది పలాస జీడిపప్పులో సిద్ధంగా ఉంచుకోండి. బిస్కట్ల పొట్లం ఇంట్లో పెట్టుకుని నిగ్రహించుకోవడం చాలా కష్టం, కొనకపోవడమే తేలిక. రాత్రి నిద్ర చాలకపోయినా మర్నాడు తీపి మీద యావ పెరుగుతుంది.

పండగలకు మాత్రం వంట తెలిసి తగ్గించాలి. రథసప్తమికి చిక్కుడాకుల్లో పెట్టే పరమాన్నంలో గ్లాసు బియ్యానికి గ్లాసున్నర బెల్లం వేసేవాళ్ళు ముప్పావు గ్లాసుతో చెయ్యొచ్చు. పచ్చికొబ్బరి, యాలకులు, చిటికెలో సగం పచ్చకర్పూరం ఆ లోటు తెలియనివ్వవు. బియ్యం మెత్తబడకముందే బెల్లం వేస్తే అన్నం బిరుసుగా ఉండిపోతుంది. మరిగే పాలలో వేస్తే పాలు విరుగుతాయి. దించి పది నిమిషాలు ఆగి, విడిగా కరిగించి వడకట్టిన బెల్లాన్ని కలపండి. బూరెల పూర్ణంలో గ్లాసు శనగపప్పుకు గ్లాసు బెల్లం బదులు ముప్పావు వెయ్యొచ్చు, అంతకన్నా తగ్గితే ఉండ విడిపోతుంది. అరిసెల్లో బెల్లం తగ్గించే జోలికి మాత్రం వెళ్ళకండి. పిండిని పట్టి ఉంచేదే పాకం, తగ్గిస్తే నూనెలో విరిగిపోతాయి. పాకం మార్చకుండా అరిసెను అరచేతిలో సగం సైజులో వత్తండి. సంక్రాంతి మూడు రోజులూ తినండి, భోజనం చివర ఒకటి, ఖాళీ కడుపుతో వద్దు. కనుమ సాయంత్రం మిగిలిన డబ్బా పంచిపెట్టెయ్యండి. పండగ కన్నా, ఆ తర్వాత రెండు వారాలు వచ్చేపోయేటప్పుడల్లా డబ్బాలో చెయ్యి పెట్టడమే ఎక్కువ చేటు.

షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు ఇవన్నీ డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి. తిండిలో తీపి తగ్గి మందు అంతే ఉంటే షుగరు పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, మాట తడబడడం దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు షుగరు పరీక్షించి 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి, తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పొయ్యకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.