ఊళ్లో ఉన్న రేషన్ కార్డుతో వేరే రాష్ట్రంలో బియ్యం తీసుకోవడం ఎలా?

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కి మేస్త్రీ పనికి వచ్చినవాళ్లు, పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు వెళ్లినవాళ్లు చాలామంది కార్డు ఊళ్లో ఉంచి, పట్నంలో బియ్యం మార్కెట్ ధరకి కొనుక్కుంటున్నారు. కూలి డబ్బులో అది చిన్న ఖర్చు కాదు. వాళ్ల బియ్యం వాళ్లున్న చోటే తీసుకోవచ్చు, అదీ ఉచితంగా. దీన్నే 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' అంటారు. 2019 ఆగస్టు 9న దేశంలో మొదట దీన్ని మొదలుపెట్టిన రెండు జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది మహారాష్ట్ర, గుజరాత్. 2022 జూన్‌లో అస్సాం కూడా చేరడంతో దేశమంతా పూర్తయింది.

ఇది డీలర్ చేసే సాయం కాదు, 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం (ఎన్‌ఎఫ్‌ఎస్‌ఏ) ఇచ్చిన హక్కు. షాపు ముందు నిలబడినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

1. మీది ఏ కార్డో ముందు తేల్చుకోండి

ఎక్కువమంది తిరిగి వచ్చేసేది ఇక్కడే. తెల్ల కార్డులన్నీ ఒకటి కాదు. కొన్ని ఈ కేంద్ర చట్టం కిందకి వస్తాయి, కొన్ని రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో అదనంగా ఇచ్చినవి. మన రెండు రాష్ట్రాల్లోనూ రెండో రకం లక్షల్లో ఉన్నాయి. సొంత రాష్ట్రంలో రెండింటికీ బియ్యం వస్తాయి కాబట్టి తేడా ఎవరికీ తెలియదు. రాష్ట్రం దాటితే మాత్రం కేంద్ర చట్టం కింద ఉన్న కార్డే పనిచేస్తుంది. ఊళ్లో డీలర్‌ని గానీ, పౌరసరఫరాల కార్యాలయంలో గానీ "నా కార్డు ఎన్‌ఎఫ్‌ఎస్‌ఏ కిందుందా?" అని అడగండి. ఫోన్ వాడేవాళ్లు 'మేరా రేషన్ 2.0' యాప్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో చూసుకోవచ్చు.

మీది రాష్ట్ర కార్డే అయితే వేరే రాష్ట్రంలో షాపుల చుట్టూ తిరిగి రోజు కూలి పోగొట్టుకోకండి.

2. బయల్దేరే ముందే ఈకేవైసీ (ఆధార్‌తో మీ గుర్తింపు సరిచూడటం) చేయించండి

కార్డులో పేరుండి ఆధార్ కలవకపోతే పరాయి ఊళ్లో మెషిన్ మిమ్మల్ని గుర్తించదు. కాబట్టి ఇంట్లో ప్రతి ఒక్కరి ఆధార్ రేషన్ కార్డుకి అనుసంధానం అయిందో లేదో చూసుకుని, ఊరి రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి ఈకేవైసీ పూర్తి చేయండి. సిమెంటు పని, ఇటుక బట్టీ పని చేసేవాళ్లకి వేలిముద్రలు అరిగిపోతాయి. అలాంటివాళ్లు ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా ఇప్పించుకోవడం మంచిది. ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు పాతదైతే అదీ మార్పించండి, ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2025 జులైలో కేంద్రం నిబంధనలు మార్చింది. ఆరు నెలలు వరసగా రేషన్ తీసుకోని కార్డుని తాత్కాలికంగా ఆపేసి విచారణ చేయొచ్చు. "వలస వచ్చాం, తర్వాత తీసుకుందాంలే" అనుకునే కుటుంబానికి ఇది నిజంగా ప్రమాదం. ఉన్న చోట తీసుకుంటూ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

3. దగ్గర్లోని షాపుకి వెళ్లండి

ఏ చౌక ధరల దుకాణమైనా ఫర్వాలేదు. కార్డు వెంట లేకపోయినా కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ చెబితే చాలు. ఈపాస్ మెషిన్‌లో వేలిముద్ర వేయాలి. వేలిముద్ర పడకపోతే కనుపాప స్కానర్ గానీ ఓటీపీ గానీ ఉందేమో అడగండి. కార్డులో పేరున్నవాళ్లే వెళ్లాలి, పక్కింటివాళ్లని పంపితే కుదరదు. నెల మొదట్లోనే వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో షాపులు 1 నుంచి 15 వరకే ఇస్తాయి, ఆ తర్వాత వెళ్తే నెల పోయినట్టే.

4. ఎన్ని కిలోలో ముందే చెప్పండి

మామూలు కార్డుకి మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి (నిరుపేద కుటుంబాలకి ఇచ్చేది) ఇంటికి 35 కిలోలు. పైసా కట్టక్కర్లేదు. అయితే సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చేది బయట రాదు. తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, అందులో కేంద్రం వాటా 5. ఆ కార్డుతో ముంబైలో తీసుకుంటే 5 కిలోలే లెక్క. మహారాష్ట్ర, గుజరాత్‌లలో కొంత గోధుమలు ఇవ్వొచ్చు, ఆ రాష్ట్రంలో ఏది పంచుతుంటే అదే దొరుకుతుంది.

సగం కుటుంబం ఊళ్లో ఉండిపోయిన ఇళ్లలో గొడవ వచ్చేది ఇక్కడే. భార్యాభర్తలు పనికి వచ్చి, అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఉన్నారనుకోండి. ఇక్కడ మొత్తం ఆరుగురి వాటా తీసేసుకుంటే ఆ నెల ఊళ్లో ముసలివాళ్లకి ఏమీ మిగలదు. మెషిన్ నొక్కకముందే "మాకు ఇద్దరి వాటా 10 కిలోలు చాలు" అని డీలర్‌కి చెప్పండి. మిగతాది కార్డులోనే ఉంటుంది, ఊళ్లోవాళ్లు తీసుకోవచ్చు. ముందుగా ఫోన్ చేసి మాట్లాడుకుంటే మంచిది.

రసీదు అడిగి తీసుకోండి. అందులో రాసిన కిలోలూ సంచిలోకి వచ్చిన కిలోలూ ఒకటేనా అని అక్కడే చూసుకోండి.

5. ఇవ్వనంటే

"మీ కార్డు ఇక్కడిది కాదు", "స్టాకు మా కార్డులకే వచ్చింది" అంటారు. రెండూ చెల్లవు. బయటివాళ్లకి ఇచ్చిన బియ్యానికి డీలర్‌కి కమిషన్ వస్తుంది, లెక్క మెషిన్‌లోనే ఉంటుంది. గొంతు పెంచకుండా షాపు నంబరు, తేదీ, ఆయన చెప్పిన కారణం రాసుకుని 14445కి ఫోన్ చేయండి. ఇది ఈ పథకానికే ఉన్న నంబరు. రాష్ట్ర పౌరసరఫరాల శాఖ నంబరు 1967.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది తప్పు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. డీలర్ నిరాకరిస్తే ఆ షాపున్న జిల్లాలో. మెషిన్‌లో మీ పేరే రాకపోతే, ఆధార్ కలవకపోతే మీ సొంత జిల్లాలో. చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, దానిపైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలి. ఫోన్‌తో తేలకపోతే అర్జీ కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.