కళాశాల విద్యార్థులకు కొత్త ఓటు: ఫారం-6 దరఖాస్తు విధానం

ఎలక్టోరల్ లిటరసీ క్లబ్, ఎన్‌ఎస్‌ఎస్ విభాగం కలిసి నిర్వహించే ఓటరు నమోదు శిబిరం కబురు ఏటా కళాశాల నోటీసు బోర్డు మీద కనిపిస్తూనే ఉంటుంది. అందులో అందరికీ గుర్తుండేది జనవరి 25. భారత ఎన్నికల సంఘం 1950లో ఆ తేదీన ఏర్పడినందున 2011 నుంచి దానిని జాతీయ ఓటర్ల దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆ రోజు ప్రతిజ్ఞ, వ్యాసరచన, ముగ్గుల పోటీ, ఊళ్ళో ర్యాలీ సందడిగానే సాగుతాయి కానీ, ర్యాలీలో నడిచినంత మాత్రాన ఎవరి పేరూ ఓటర్ల జాబితాలోకి ఎక్కదు. పేరు ఎక్కాలంటే ఫారం-6 దాఖలు చేయాలి. కోనసీమలోనూ, గోదావరికి అటూ ఇటూ ఉన్న డెల్టా మండలాల్లోనూ చిన్న డిగ్రీ కళాశాలల్లో చదివే విద్యార్థులు ఆ ఫారం నింపేముందు తేల్చుకోవలసిన విషయాలను, నింపేటప్పుడు తరచుగా జరిగే పొరపాట్లను ఇక్కడ వివరిస్తున్నాము.

ఎప్పుడు దరఖాస్తు చేయాలి

ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళపాటు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీగా, అంటే పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో చూసే తేదీగా ఉండేది. జనవరి 2న పద్దెనిమిది నిండిన విద్యార్థి మరుసటి సంవత్సరం దాకా ఆగవలసి వచ్చేది. 2022 ఆగస్టు 1 నుంచి ఈ పద్ధతి మారి, జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అనే నాలుగు తేదీలూ అర్హత తేదీలయ్యాయి. అంటే మార్చి నెల మధ్యలో పద్దెనిమిదేళ్ళు నిండేవారు ఏప్రిల్ 1 లెక్కలో ఓటరు కావచ్చు. అంతేకాదు, పదిహేడేళ్ళు నిండినవారు ముందస్తుగానే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తును, పద్దెనిమిది నిండాక వచ్చే అర్హత తేదీని బట్టి, ఆ త్రైమాసికంలో పరిశీలించి పేరు చేరుస్తారు.

ఈ వెసులుబాటును మన ప్రాంత విద్యార్థులు పెద్దగా వాడుకోవడం లేదనిపిస్తుంది. ఎన్నికల షెడ్యూలు వెలువడ్డాక నెట్ సెంటర్ల ముందు బారులు తీరేవారిలో ఎక్కువమంది ఏడాది ముందే అర్హత పొందినవారే. నామినేషన్ల చివరి గడువు ముగిశాక ఆ ఎన్నికకు ఎవరి పేరునూ జాబితాలో చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. అంతకుముందు అభ్యంతరాలకు కొన్ని రోజులు వదలాలి గనుక, చివరి వారంలో ఇచ్చిన దరఖాస్తు ఆ ఎన్నికకు అక్కరకు రాదు. కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే, లేదా డిగ్రీలో చేరే సమయంలో పత్రాలన్నీ ఎలాగూ చేతిలో ఉంటాయి కాబట్టి అప్పుడే, ఈ పని ముగించుకోవడం మంచిది.

ఊరా, హాస్టలా?

ఫారంలో అన్నిటికన్నా ఆలోచించి రాయవలసిన గడి చిరునామా. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950 ప్రకారం సాధారణంగా నివసించే చోటే ఓటు ఉండాలి. ఒక ఊళ్ళో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు, ఇల్లు విడిచి తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. రోజూ బస్సులో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే విద్యార్థికి ఇందులో సందేహమే లేదు, అతని ఓటు సొంత ఊళ్ళోనే. హాస్టల్లోనో, అద్దె గదిలోనో ఉండి చదివేవారికి మాత్రం ఎన్నికల సంఘం రెండు దారులు ఇచ్చింది: తల్లిదండ్రుల ఇంటి చిరునామాతో నమోదు కావచ్చు, లేదా హాస్టల్ ఉన్న నియోజకవర్గంలో నమోదు కావచ్చు. రెండోది ఎంచుకునేవారు చదివే కోర్సు ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో గుర్తించినదై, కనీసం ఏడాది కాలవ్యవధి కలిగినదై ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్, అంటే అక్కడ చదువుతున్నట్టు తెలిపే ధ్రువపత్రం జతపరచాలి.

రెండింటిలో ఏది మేలని అడిగితే, మూడేళ్ళ చదువు కోసం వచ్చినవారికి సొంత ఊరే మేలని చెబుతాము. పంచాయతీ ఎన్నికల ఓటర్ల జాబితాను శాసనసభ జాబితా ఆధారంగానే తయారు చేస్తారు. హాస్టల్ చిరునామాతో పట్టణంలో నమోదైన విద్యార్థికి తన ఊరి సర్పంచి ఎన్నికలో ఓటు ఉండదు. పైగా చదువు ముగిశాక మళ్ళీ ఫారం-8 పెట్టి మార్చుకోవాలి, అది చాలామంది మరిచిపోతారు. ఇల్లు మరీ దూరమై, పోలింగు రోజుకు వెళ్ళి రావడం కష్టమైనవారికి హాస్టల్ చిరునామా సబబే. ఏదో ఒకటి ఎంచుకోవాలి తప్ప రెండు చోట్లా పెట్టకూడదు. ఒకే వ్యక్తి రెండు నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ నమోదు కావడాన్ని అదే చట్టంలోని 17, 18 సెక్షన్లు నిషేధిస్తున్నాయి. తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

డెల్టాలో మరో చిక్కు ఉంది. మండలం, జిల్లా, నియోజకవర్గం ఒకదానితో ఒకటి సరిపోలని ఊళ్ళు ఇక్కడ కొన్ని ఉన్నాయి. మామిడికుదురు మండలంలో కొన్ని గ్రామాలు రాజోలు నియోజకవర్గంలో ఉంటే, మిగిలినవి పి.గన్నవరం నియోజకవర్గంలో ఉన్నాయి. తాళ్ళరేవు మండలం కాకినాడ జిల్లాది, అయినా అక్కడి ఓటు ముమ్మిడివరం నియోజకవర్గంలోది. అందుచేత మండలం పేరును బట్టి ఊహించి నియోజకవర్గం ఎంచుకోకుండా, ఇంట్లో అమ్మానాన్నల ఓటరు కార్డు తీసి దాని మీద ఉన్న నియోజకవర్గం పేరు చూసి అదే ఎంచుకోవాలి. ఎదుర్లంక వంతెన దాటి యానాం నుంచి ఇటువైపు కళాశాలలకు వచ్చేవారి సంగతి మరీ వేరు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని నియోజకవర్గం గనుక వారు ఫారం మొదట్లో రాష్ట్రం గడిలోనే పుదుచ్చేరి ఎంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకుంటే యానాం ఆ వరుసలో ఎక్కడా కనబడదు.

జతపరచవలసిన పత్రాలు

వయసు కోసం పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి లేదా ఇంటర్ మార్కుల జాబితా, వీటిలో ఏదో ఒకటి చాలు. ఆధార్‌లో ఒక తేదీ, టెన్త్ మెమోలో మరొక తేదీ ఉన్నవారు మెమోనే ఇవ్వడం మేలు. ఉద్యోగాలకైనా పాస్‌పోర్టుకైనా రేపు అదే చూపించవలసి ఉంటుంది.

చిరునామాకు ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, నీటి బిల్లు, గ్యాసు బిల్లు, రెవెన్యూ శాఖ భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, రిజిస్టరైన క్రయ దస్తావేజు చెల్లుతాయి. బిల్లు దరఖాస్తుదారు పేరనో, అమ్మ లేదా నాన్న పేరనో ఉండాలి. మన పల్లెల్లో కరెంటు మీటరు ఇప్పటికీ తాతయ్య పేరనే ఉన్న ఇళ్ళు ఎక్కువ. అలాంటివారు ఆ బిల్లు జోలికి పోకుండా సొంత పాస్‌బుక్ పెట్టుకోవడం నయం. ఫొటో తెల్లని నేపథ్యంతో, ముఖం ఎదురుగా స్పష్టంగా కనిపించేలా ఉండాలి. కాలేజీ గుర్తింపు కార్డులోని పాత ఫొటోను సెల్‌ఫోనుతో మళ్ళీ ఫొటో తీసి పెట్టినవి తరచుగా మసకగా ఉంటాయి. ఓటరు కార్డు మీద ఆ ఫొటోనే ఏళ్ళ తరబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఫారం నింపడం

ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో గానీ, మొబైల్ యాప్‌లో గానీ ఫోన్ నంబరు, ఓటీపీతో ఖాతా తెరిచి ఫారం-6 నింపవచ్చు. ఆన్‌లైన్ వద్దనుకునేవారు కాగితం ఫారం నింపి తమ పోలింగు కేంద్రం బీఎల్వోకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వవచ్చు. దేనికీ రుసుము లేదు. సందేహాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పేరు దగ్గర తొందరపడకూడదు. ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గడులుంటాయి. ఇంగ్లీషులో టైపు చేయగానే పక్క గడిలో తెలుగు అక్షరాలు వాటంతట అవే వస్తాయి, అక్కడే తేడా వస్తుంది. దొమ్మేటి అన్న ఇంటిపేరు డొమ్మేటిగా మారినా, దీర్ఘం ఎగిరిపోయినా యంత్రానికి పట్టదు. జాబితాలోనూ కార్డు మీదా అచ్చయ్యేది ఆ తెలుగు పేరే కాబట్టి, తెరమీది కీబోర్డుతో దాన్ని సరిదిద్దిన తర్వాతే ముందుకు కదలాలి. తండ్రి, తల్లి, భర్త, భార్యలలో ఒకరిని బంధువుగా చూపాలి. తల్లిదండ్రులు లేనివారు చట్టబద్ధ సంరక్షకుల పేరు రాయవచ్చు.

ఆధార్ నంబరు గడి చూసి వెనుకాడేవారుంటారు. ఆధార్ ఇవ్వడం తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఇవ్వలేనివారు ఆ మేరకు ఉన్న గడిని ఎంచుకుంటే సరిపోతుంది. ఫోన్ నంబరు మాత్రం తప్పకుండా సొంతదే ఇవ్వాలి. నెట్ సెంటర్ వారి నంబరుతో వేసిన దరఖాస్తుకు ఓటీపీలూ సందేశాలూ వారికే పోతాయి. 2021 జనవరి 25న మొదలైన ఈ-ఎపిక్, అంటే ఫోన్‌లో దింపుకోగలిగే కార్డు కావాలంటే, మరొకరికి ముడిపడని నంబరు ఉండాలి.

అదే చిరునామాలో ఇప్పటికే ఓటరైన కుటుంబసభ్యుని కార్డు నంబరు రాసే గడిని చాలామంది వదిలేస్తారు. అది నింపితే ఇంటిల్లిపాదినీ ఒకే పోలింగు కేంద్రంలో చేర్చడం అధికారులకు సులువవుతుంది. లంక గ్రామాల వారికి ఇది మరీ అవసరం. ఒడ్డున ఉన్న ఊరి పేరుతో వేరే కేంద్రానికి పేరు పడితే, ఓటు వేయడానికి రేవు దాటవలసి వస్తుంది. చివరగా ప్రకటన చదివి, ఆ చిరునామాలో ఏ నెల, ఏ సంవత్సరం నుంచి ఉంటున్నదీ రాసి దాఖలు చేయాలి. తర్వాత తెరమీద కనిపించే రిఫరెన్స్ నంబరును రాసి పెట్టుకోవాలి.

దాఖలు చేసిన తర్వాత

దరఖాస్తు ఆ ప్రాంత బీఎల్వోకు చేరుతుంది, ఆయనో ఆవిడో ఇంటికి వచ్చి వివరాలు సరిచూస్తారు. హాస్టల్‌లో ఉంటూ ఊరి చిరునామాతో దరఖాస్తు పెట్టినవారు ఈ సంగతి ఇంట్లో చెప్పి ఉంచాలి. అసలు పత్రాలు చూపించడానికి ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఉన్నవారు మాకేమీ తెలియదన్నా దరఖాస్తు అక్కడే ఆగుతుంది. గోదావరికి వరదలొచ్చే జూలై, ఆగస్టు నెలల్లో లంకల్లోకి రాకపోకలే కష్టం గనుక, అక్కడివారు అక్టోబరు 1 తేదీకి దరఖాస్తు పెట్టదలిస్తే వేసవి సెలవుల్లోనే ముందస్తుగా పెట్టడం తెలివైన పని.

వచ్చిన దరఖాస్తుల జాబితాను ప్రకటించి అభ్యంతరాలకు ఏడు రోజులు గడువిస్తారు. ఆపై ఓటరు నమోదు అధికారి నిర్ణయం తీసుకుంటారు. తిరస్కరిస్తే 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు, అక్కడా ఫలితం లేకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. చిన్న లోపంతో తిరస్కరించిన సందర్భాల్లో అప్పీలు కంటే సరైన పత్రంతో కొత్తగా దరఖాస్తు పెట్టడమే త్వరగా తేలుతుంది. ఎక్కడైనా ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరుగుతున్న కాలంలో అదనపు ప్రకటనలు, పత్రాలు అడగవచ్చు.

ఆమోదం పొందాక కార్డు తపాలాలో వస్తుంది. అయితే ఓటు వేయడానికి కావలసింది జాబితాలో పేరు. కార్డు చేతిలో ఉండి పేరు లేకపోతే పోలింగు కేంద్రం నుంచి వెనక్కి రావలసిందే కాబట్టి, ఏడాదికి ఒకసారైనా పోర్టల్‌లో పేరు వెతికి చూసుకోవాలి. అక్షర దోషాలు దిద్దుకోవాలన్నా, కార్డు పోయినా, ఇల్లు మారినా ఫారం-8 వాడాలి. చదువు మధ్యలో పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన విద్యార్థినులు అక్కడ మళ్ళీ ఫారం-6 పెట్టడం తరచుగా చూస్తుంటాము. అది కూడదు. ఒకసారి ఓటరైనవారు ఊరు మారినప్పుడు పెట్టవలసినది ఫారం-8 మాత్రమే.

గల్ఫ్‌లో పనిచేసే నాన్న పేరు జాబితాలో లేదని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. భారత పాస్‌పోర్టు ఉండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోనివారు ఫారం-6ఎతో, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామాలో నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం అసలు పాస్‌పోర్టుతో స్వయంగా ఇక్కడి పోలింగు కేంద్రానికి రావాలి.

శాసనమండలికి ఉభయ గోదావరి పట్టభద్రుల నియోజకవర్గం జాబితా దీనికి పూర్తిగా వేరు. దానికి ఫారం-18 పెట్టాలి. అర్హత తేదీ నవంబరు 1, అప్పటికి డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్ళు గడిచి ఉండాలి. కనుక ఇప్పుడు చదువుతున్నవారికి అది వర్తించదు. అక్కడ ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది, కిందటిసారి ఓటు వేశాము కదా అని ఊరుకుంటే పేరు ఉండదు. ఆ ఎన్నిక 2025 ఫిబ్రవరిలో జరిగింది. తర్వాతి ఎన్నికకు నోటీసు వెలువడినప్పుడు పూర్వ విద్యార్థులు తమ ప్రొవిజనల్ లేదా డిగ్రీ పట్టా నకలుతో కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి.