పక్క తిరిగితే గది గిర్రున తిరిగేది, నాకు ఏం పనిచేసిందంటే

కుడి పక్కకి ఒత్తిగిల్లితే చాలు, ఫ్యాను కాదు గదే గిర్రున తిరిగేది, అరనిమిషంలో ఆగిపోయేది. పైత్యమని అల్లం రసం, మెడ అరిగిందేమోనని ఎక్స్‌రే, బీపీ, షుగర్ పరీక్షలు, వారం రోజుల మాత్రలు అన్నీ అయ్యాయి.

చివరికి ఈఎన్‌టీ డాక్టరు గారు నా తల పక్కకి తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, కనుగుడ్లు కొట్టుకోవడం చూసి బీపీపీవీ అన్నారు, అంటే తల కదిపినప్పుడు కాసేపు కళ్లు తిరిగే చెవి సమస్య. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం పలుకులు చోటు తప్పి పక్కనున్న గొట్టంలోకి జారాయట.

అక్కడే ఎప్లీ పద్ధతి, అంటే తలని వరసగా తిప్పుతూ ఆ పలుకుల్ని తిరిగి చోటుకి చేర్చడం, చేసి, ఇంట్లో చేసుకోమని నేర్పారు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, తల కుడికి 45 డిగ్రీలు తిప్పి అలాగే వెనక్కి పడుకోవాలి. దిండు తల కింద కాదు, భుజాల కింద ఉండాలి, తల కాస్త వేలాడాలి. ఇంట్లో మొదటిసారి నేను తప్పింది ఇక్కడే. తిరుగుడు ఆగేదాకా, కనీసం 30 సెకన్లు ఉండి, తల ఎత్తకుండా ఎడమకి 90 డిగ్రీలు తిప్పాలి. మళ్లీ అంతసేపు ఆగి, ఒళ్లంతా ఎడమకి దొర్లి ముక్కు నేలవైపు ఉంచాలి. ఇంకో 30 సెకన్లయ్యాక మెల్లగా లేవాలి. మధ్యలో గది తిరుగుతుంది, టెన్షన్ పడి లేచిపోకండి.

నాకు మూడో రోజుకి పోయింది, ఎనిమిది నెలలకి మళ్లీ వస్తే మళ్లీ ఇదే చేశాను. నాది కుడి చెవి, ఎడమైతే దిశలు తిరగేయాలి. ఏ చెవో, అసలు ఇదేనో కాదో డాక్టరే తేల్చాలి, మెడ నొప్పి ఉన్నవాళ్లు అడక్కుండా చేయొద్దు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, గంటల తరబడి తిరగడం ఉంటే వేరే జబ్బు కావచ్చు. మాట తడబడినా, మూతి వంకరపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.