వానలు మొదలవకముందే కారు టైర్లు మార్చుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం దాదాపు ఒక అరచేయంత ఉంటుంది. బ్రేకులు ఎంత మంచివైనా, ఇంజను ఎంత శక్తిమంతమైనా, కారు ఆగడమూ తిరగడమూ ఆ నాలుగు అరచేతుల మేరలోనే జరగాలి. పొడి రోడ్డు మీద అరిగిన టైరు కూడా బాగానే పట్టు చూపిస్తుంది కాబట్టి ఎండ రోజుల్లో ఎవరికీ అనుమానం రాదు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనె మరకలూ తొలి వానకు తడిసి జారుడుగా మారినప్పుడు టైరు అసలు స్థితి బయటపడుతుంది, కానీ అప్పటికి మనం బ్రేకు మీద కాలు వేసే ఉంటాము. టైర్ల పరీక్ష, అవసరమైతే మార్పిడి, వానలకు కనీసం రెండు మూడు వారాల ముందే పూర్తి కావాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మొదట గాడుల లోతు చూడాలి. కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్రధాన గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల పొర, అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు జీవితం ముగిసినట్టే, చాలా దేశాల చట్టాలు కూడా ఆ 1.6నే కనీస హద్దుగా పెట్టాయి. అయితే అది చట్టం పెట్టిన హద్దు మాత్రమేననీ, వాన రోడ్డుకు సరిపోయే లోతు కాదనీ గుర్తించాలి. లోతు 3 మిల్లీమీటర్లకు దిగిన టైర్లతో వానాకాలంలోకి అడుగుపెట్టకపోవడమే మంచిది. గాడి లోతును కొలిచే చిన్న గేజీ చాలా చవకైన పరికరం. దానితో ప్రతి టైరును లోపలి అంచు, మధ్య, బయటి అంచు అనే మూడు చోట్లా కొలవాలి. లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు కాబట్టి స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వంగి చూడాలి.

లోతుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, రోడ్డు మీద నీరు నిలిచినప్పుడు టైరు ఆ నీటిని తోసివేస్తూ ముందుకు పోవాలి, తోసిన నీటికి పోవడానికి దారి కావాలి, ఆ దారులే గాడులు. వాటి లోతు తగ్గేకొద్దీ నీరు పక్కలకు పోలేక టైరు కింద చేరి, ఒక వేగం దాటాక టైరునే పైకెత్తుతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది, తిప్పినా కారు తిరగదు, తొక్కినా ఆగదు. దీనికి టైరులోని గాలితోనూ దగ్గరి సంబంధం ఉందని నాసా పరిశోధకులు 1963లో ప్రచురించిన నివేదికలో చూపించారు. వారి సూత్రంతో లెక్కగడితే 32 పి.ఎస్.ఐ. (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) గాలి ఉన్న టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల వేగం వద్ద నీటిపై తేలడం మొదలుపెడుతుంది. అదే గాలి 20కి తగ్గితే ఆ వేగం సుమారు 75కి పడిపోతుంది. టైరు వెడల్పునూ నీటి మందాన్నీ గాడుల లోతునూ బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గాని, గాలి తక్కువైతే ప్రమాదం ముందుగా వస్తుందన్న మాటలో మార్పు లేదు.

పాత టైర్లను తీసి పారేసే ముందు అవి ఎలా అరిగాయో చదవాలి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువగా కొట్టించినట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువ గాలితో నడిపినట్టు, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాల అమరిక) తప్పినట్టు, అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడినట్టు అర్థం చేసుకోవచ్చు. ఆ లోపాన్ని సరిచేయకుండా కొత్త టైర్లు వేయిస్తే అవీ అదే దారి పడతాయి.

గాడుల లోతు ఎంత ఉన్నా రబ్బరుకు వయసు ఉంటుంది. టైరు పక్కభాగం మీద డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివరి నాలుగు అంకెలు తయారీ వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైందన్నమాట. చాలా టైర్ల మీద ఈ అంకెలు ఒక పక్కనే ముద్రించి ఉంటాయి, ఆ పక్క కారు లోపలి వైపుకు వస్తే బయటికి కనిపించవు. నేను ఒకసారి ఇక్కడే మోసపోయాను. కొత్తవని చెప్పి అమ్మిన టైర్లను బిగించేశాక ఇంటికి తెచ్చుకుని, కొన్ని నెలల తరువాత ఒక సాయంత్రం చేతిదీపం పట్టుకుని కారు కిందికి దూరి చూస్తే, వెనుక కుడి టైరు తయారై అప్పటికే నాలుగేళ్లు దాటింది. గాడులు నిగనిగలాడుతున్నాయి గాని, పక్కభాగాన్ని వేలితో నొక్కితే వెంట్రుకవాసి పగుళ్లు తెరుచుకున్నాయి. అంతకు ముందు వాన రోజుల్లో ఆ మూల పదేపదే ఎందుకు జారిందో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి టైరు రిమ్ము మీదికి ఎక్కకముందే నాలుగింటి అంకెలూ నా కళ్లతో చదువుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి, బిగించాక అడిగితే ఎవరూ వెనక్కి తీసుకోరు. ఏడాది లోపు తయారైనవే అడిగి తీసుకోవడం మేలు. వాడకంలో ఉన్న టైర్లను ఆరేళ్లకు మార్చమని పలు కార్ల కంపెనీలు సూచిస్తాయి. పదేళ్లు దాటిన టైరును, అది ఎంత బాగా కనిపించినా, కారుకు ఉంచకూడదు.

ఇక కొలతల సంగతి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రేడియల్ నిర్మాణం, 15 అంగుళాల రిమ్ము అని అర్థం. 88 అనేది ఆ టైరు 560 కిలోలు మోయగలదని చెప్పే సూచిక, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. డ్రైవరు తలుపు స్తంభం మీద అతికించిన చీటీలోనూ వాహనం పుస్తకంలోనూ మీ కారుకు సరిపడే కొలతలు ఉంటాయి. బరువు, వేగం సూచికలలో దేనినీ తయారీదారు చెప్పిన దానికన్నా తగ్గించకూడదు. అందంగా ఉంటుందని వెడల్పాటి టైర్లు వేయించేవారు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. పైన చెప్పిన టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 195/65 ఆర్15 వేస్తే అది 634 దాటుతుంది, అంటే రెండు శాతం పైగా పెరుగుతుంది. అప్పుడు స్పీడోమీటరు ఉన్న వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి భాగాలకు రాసుకునే అవకాశమూ ఉంటుంది. పైగా వెడల్పు టైరు నిలిచిన నీటి మీద ఇంకా తొందరగా తేలుతుంది, వానల కోసమని మార్చుకునేవారికి ఇది తిరోగమనమే.

రబ్బరు మిశ్రమాన్ని ఎంచుకునేటప్పుడు మన్నికను చూసి మురిసిపోవద్దని నా మనవి. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని, దాని పక్కన 300, 400 వంటి సంఖ్య ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ నెమ్మదిగా అరుగుతుందని సూచన. ఆ శ్రేణిని ఇచ్చేది తయారీదారులే కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి నిర్ణయానికి రాలేము. దాని దగ్గరే ట్రాక్షన్ అనే శ్రేణి ఏఏ, ఏ, బి, సి అని ఉంటుంది, అది తడి రోడ్డు మీద బ్రేకు పట్టును చెప్పేది. ఐరోపా లేబులులో అయితే తడి పట్టుకు ఏ నుండి ఇ వరకు అక్షరాలు ఉంటాయి. రెండు టైర్ల మధ్య మనసు ఊగిసలాడితే, తడి పట్టు ఎక్కువ ఉన్నదాన్నే తీసుకోండి, అది ఇంకొకదానికన్నా కొన్ని వేల కిలోమీటర్లు ముందే అరిగినా సరే. వాడేసిన టైర్లను మాత్రం కొనవద్దు. గుంతలో పడి లోపలి తీగలు తెగి ఉన్నా, పైకి కనిపించకపోవచ్చు.

నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మార్చగలిగితే కొత్త జతను వెనుక వేయించాలి. ముందు చక్రాలతో నడిచే కారుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇది చాలా మందికి విడ్డూరంగా తోస్తుంది, స్టీరింగ్ ముందుంది, బ్రేకు భారం ముందుంది, కొత్తవి ముందుండాలి కదా అని వాదిస్తారు. కాని తడి మలుపులో ముందు చక్రాలు పట్టు తప్పితే కారు మలుపు తిరగక నేరుగా పోబోతుంది. యాక్సిలరేటరు మెల్లగా వదిలితే చాలావరకు దారికి వస్తుంది. వెనుక చక్రాలు పట్టు తప్పితే తోక తిరిగి కారు గిరగిరా తిరుగుతుంది, దాన్ని సరిదిద్దేంత సమయం మామూలు డ్రైవరుకు ఉండదు. బిగించేవారు అలవాటు కొద్దీ ముందే వేయబోతారు, పక్కన నిలబడి చెప్పాలి. నాలుగు చక్రాలతోనూ నడిచే వాహనాలలో నాలుగింటి చుట్టుకొలతా దాదాపు సమానంగా ఉండాలి కాబట్టి రెండు మార్చే ముందు వాహనం పుస్తకం చూడాలి. ఒకే ఇరుసు మీద మాత్రం రెండు రకాల టైర్లు ఎన్నడూ ఉండకూడదు.

బిగించేటప్పుడు ప్రతి చక్రానికీ కొత్త వాల్వు వేయించి, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం), అలైన్‌మెంట్ చేయించాలి. పక్కభాగం మీద తిరిగే దిశ చూపే బాణం గాని, బయటి వైపు ఏదో చెప్పే గుర్తు గాని ఉంటే, తప్పు వైపుకు బిగించిన టైరు నీటిని సరిగా తోయదని గుర్తుంచుకుని సరిచూసుకోవాలి. గాలి విషయంలో తలుపు దగ్గరి చీటీ మీది అంకెనే నమ్మాలి. టైరు మీద ముద్రించిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, అది కారుకు సరిపడే పీడనం కాదు. కొలవవలసింది కారు కొన్ని గంటలు నిలిపిన తరువాత, టైరు చల్లగా ఉన్నప్పుడు. చక్రం బోల్టులను 50 నుండి 100 కిలోమీటర్ల ప్రయాణం తరువాత ఒకసారి మళ్లీ బిగించి చూడాలి.

కొత్త టైర్లు పడిన మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, అచ్చు నుండి ఊడి రావడానికి పూసిన పదార్థం ఇంకా పైపొరలో ఉండి పట్టు తక్కువగా ఉంటుంది. వానలకు రెండు మూడు వారాల ముందని మొదట చెప్పడానికి ఇది రెండో కారణం. డిక్కీలోని స్టెప్నీని కూడా అదే రోజు బయటికి తీసి, గాలి కొట్టించి, దాని మీది నాలుగు అంకెలనూ చదవండి. సన్నపాటి తాత్కాలిక చక్రమైతే దాని మీద గంటకు 80 కిలోమీటర్ల హద్దు రాసి ఉంటుంది. వాన రాత్రి పంక్చర్ పడినప్పుడు ఆ హద్దు తెలియక నడిపితే అది ఇంకో ప్రమాదానికి దారితీస్తుంది కాబట్టి, మీ కారు నడిపే ఇంట్లోవారందరికీ ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.