అన్నంలో ఎంత, కారంలో ఎంత: ఇంటి లెక్క ఇలా కట్టండి

గుంటూరులో కల్తీ మాట రాగానే అందరూ ముందు కారం గురించే మాట్లాడతారు. మిర్చి యార్డు ఉన్న ఊరు కదా, ఆ పట్టింపు ఉండాల్సిందే. కానీ సీసం, కాడ్మియం లాంటి హానికర లోహాలు ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో తేలాలంటే రెండు అంకెలు కావాలి: సరుకులో ఎంత ఉంది, ఆ సరుకు మనం రోజూ ఎంత తింటున్నాం. మొదటిది ల్యాబ్ చెబుతుంది. రెండోది మీరే తేల్చాలి, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

బియ్యం తేలిక. వారం పాటు కడగకముందే కాటా మీద తూచి రాసుకోండి (అన్నం తూస్తే నీళ్ల బరువు కూడా కలుస్తుంది), పిల్లల వాటా విడిగా వేయండి. కారాన్ని చెంచా చెంచా తూచలేం కాబట్టి డబ్బాను ఒకటో తారీఖున ఒకసారి, నెలాఖరున ఒకసారి తూచండి, తేడాయే ఇంటి నెల వాడకం. దాన్ని 30తోనూ, ఇంట్లో వాళ్ల సంఖ్యతోనూ భాగిస్తే ఒక్కొక్కరి రోజు వాటా వస్తుంది. ఆవకాయలో, గోంగూర పచ్చడిలో పోసిన కారం మర్చిపోవద్దు. ఏడాది పచ్చళ్లకు పట్టిన మొత్తాన్ని 365తోనూ, ఇంట్లో వాళ్ల సంఖ్యతోనూ భాగించి కలపండి. మన ఇళ్లలో అదేం చిన్న వాటా కాదు.

ఇక శాంపిల్. బస్తా పైనుంచి గుప్పెడు తీసి ఇస్తే అది బస్తా మొత్తానికి లెక్క కాదు. పైన, మధ్యలో, అడుగున తీసి, శుభ్రమైన కాగితం మీద కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు తీసేయండి. మిగిలింది కలిపి మళ్లీ అలాగే, ల్యాబ్ అడిగిన బరువు మిగిలేదాకా. ప్లాస్టిక్ నుంచి దిగే థాలేట్ల పరీక్ష అయితే గాజు సీసాలోనే ఇవ్వాలి.

ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు, మీకు కావాల్సిన పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో అడగండి. రిపోర్టులో ‘పరిమితి లోపే’ అని రాస్తే ఒప్పుకోవద్దు, అంకె ఇవ్వమనండి, ఎంత తక్కువదాకా కొలవగలరో అది కూడా. ‘దొరకలేదు’ అంటే సున్నా అని కాదు, అందుకే లెక్క రెండుసార్లు వేయాలి, ఒకసారి సున్నాతో, ఒకసారి ఆ కనీస అంకెతో. అన్నట్టు, గ్లాసు నీళ్లలో కారం వేసి రంగు దిగలేదని ధీమాగా ఉండకండి. కారంలో కల్తీకి కలిపే సుడాన్ రంగులు నూనెలో కరుగుతాయి గానీ నీళ్లలో కరగవు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకే. కారంలో కాడ్మియం కిలోకు 0.2 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.05 అనుకుందాం. కారంలోనే నాలుగు రెట్లు ఎక్కువ కదా? కానీ రోజుకు 10 గ్రాముల కారంతో వచ్చేది 2 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము), 300 గ్రాముల బియ్యంతో 15. బియ్యం వాటానే 60 కిలోల మనిషికి నెలకు ఒంటి బరువులో కిలోకు 7.5 మైక్రోగ్రాములు అవుతుంది. ఆహారంలో కలిసే పదార్థాల మీద ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓల ఉమ్మడి నిపుణుల కమిటీ జేఈసీఎఫ్ఏ 2010లో దీనికి పెట్టిన హద్దు 25. అదే బియ్యం 120 గ్రాములు తినే 15 కిలోల పిల్లాడికి చూడండి, 12 వస్తుంది! పెద్దవాళ్ల లెక్క చూసి పిల్లలకూ ఫర్వాలేదనుకోకూడదు.

సీసానికి అలాంటి హద్దే లేదు, 2010లోనే ఎత్తేశారు, ఎందుకంటే ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు దొరకలేదు. అందుకే పసుపు విషయంలో నాకు భయం. లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పసుపు రంగు) కలిపిన పసుపులో కిలోకు 50 మిల్లీగ్రాముల సీసం ఉంటే, రెండు గ్రాములతోనే 100 మైక్రోగ్రాములు లోపలికి పోతాయి. కొమ్ములు కొన్నామని నిశ్చింతగా ఉండలేం, మెరుపు కోసం కొమ్ములకూ అది పట్టిస్తారు. అనుమానం ఉంటే ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు, కాకపోతే కొనేటప్పుడే ఆ సంగతి షాపులో చెప్పాలి. కల్తీ తేలితే ఫీజు వెనక్కి ఇస్తారు.