డాలర్‌ను 85తో గుణించే ముందు: దేశాల ఆదాయం పోల్చడం ఎలా

మా మేనమామ కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఖర్చులన్నీ పోను కాదు, పన్నులు పోను నెలకు 5,000 డాలర్లు చేతికొస్తాయి. మహబూబ్‌నగర్‌లో మా చుట్టాలంతా దాన్ని 85తో (2025 మధ్యలో డాలర్ రేటు సుమారు అంతే) గుణించి "నాలుగు లక్షల పాతిక వేలు" అని నోరు వెళ్లబెడతారు. మొన్న ఫోన్‌లో నేనూ అదే అంటే, "బావా, ఇక్కడ కటింగ్‌కే 25 డాలర్లు పోతయి, టిప్ వేరే" అన్నాడు. ఆ మాటలోనే సగం పాఠం ఉంది. గ్రూప్స్ చదివేవాళ్లు జీడీపీ (స్థూల దేశీయోత్పత్తి), పీపీపీ (కొనుగోలు శక్తి సమానత) అని బట్టీ పట్టే బదులు ఒక్కసారి పెన్నూ కాగితం పట్టుకుని ఇలా లెక్క వేసి చూడండి.

ముందు దేశాదాయం ఎలా కడతారో చూద్దాం. ఒక క్వింటా వడ్లు తీసుకోండి (అంకెలు నేను అనుకున్నవే). రైతు విత్తనాలు, ఎరువులు, మందులు కలిపి 800 పెట్టి కొన్నాడు, వడ్లు 2,300కు అమ్మాడు. మిర్యాలగూడ మిల్లు వాటిని ఆడించి 3,000కు ఇచ్చింది. షాపువాడు ఆ బియ్యం జనానికి 3,400కు అమ్మాడు. అన్నీ కూడి 9,500 అని రాస్తే సున్నా మార్కులే, ఎందుకంటే అవే వడ్లను మళ్లీ మళ్లీ లెక్కేసినట్టు. ఎవరెవరు ఎంత విలువ కలిపారో చూడాలి: ఎరువులు, విత్తనాల వాళ్లు 800, రైతు 1,500, మిల్లు 700, షాపు 400. మొత్తం 3,400, అంటే చివరి ధర ఎంతో అంతే. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఇంకోటుంది, రైతు కలిపిన 1,500లోంచి నాట్ల కూలీ కూడా తీసేస్తారు. తీయొద్దు. కూలీ కూడా ఎవరో ఒకరి ఆదాయమే, అందుకే ఆదాయాల వైపు నుంచి కూడినా, ఖర్చుల వైపు నుంచి కూడినా ఇదే అంకె రావాలి.

ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంటి తిండికి ఉంచుకున్న వడ్లు లెక్కలోకి వస్తాయి, ఆ బియ్యం వండిన అమ్మ పని రాదు. ఊరి పక్కన వెంచర్ పడి ఎకరం కోటి పలికినా జీడీపీ పెరగదు, భూమి చేతులు మారిందంతే, మధ్యవర్తి కమీషన్ మాత్రం ఎక్కుతుంది. రైతు ఖాతాలో ప్రభుత్వం వేసే పెట్టుబడి సాయం కూడా ఉత్పత్తి కాదు, బదిలీ. ఇంకా మా పాలమూరు కూలీలు ముంబై పోయి బిల్డింగులు కడితే ఆ విలువ మహారాష్ట్ర ఖాతాలో పడుతుంది, వాళ్ల పిల్లలు ఇక్కడే పెరుగుతున్నా సరే.

జీడీపీ అంటే ఆ నేల మీద జరిగిన ఉత్పత్తి. జీఎన్ఐ (స్థూల జాతీయ ఆదాయం) అంటే ఆ దేశవాసులకు అందిన ఆదాయం. ఐర్లాండ్‌కు 2015లో జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు తేలింది, కారణం పెద్ద కంపెనీలు తమ ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చడం. అలాంటి దేశాల్లో జీడీపీ చూసి బతుకులు అంచనా వేస్తే మోసపోతాం.

ధరల సంగతిలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. తెలంగాణ తలసరి ఆదాయం 2014-15లో 1.24 లక్షలు, 2023-24లో సుమారు 3.5 లక్షలు, కాబట్టి బతుకు దాదాపు మూడింతలు బాగుపడిందని అందరి ముందూ వాదించాను. అవి నడుస్తున్న ధరల్లో అంకెలు. ఆ ఏళ్లలో పెరిగిన ధరలు తీసేస్తే పెరుగుదల ఉంది గానీ మూడింతలు కాదు. ఏళ్ల మధ్య పోలికకు 'స్థిర ధరలు' (అన్ని ఏళ్లకూ ఒకే ఏడాది ధరలతో కట్టినవి) అని ఉన్న పట్టికే తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, పీపీపీ: డాలర్‌కు మన దగ్గర నిజంగా ఎన్ని రూపాయల విలువ? మా వాడితో వాట్సాప్‌లో ధరలు కనుక్కుని నేను వేసిన లెక్క ఇది. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర కటింగ్ 100 రూపాయలు, అక్కడ 25 డాలర్లు, కాబట్టి డాలర్‌కు 4 రూపాయలు. రెండు గదుల ఇల్లు ఇక్కడ 10,000, అక్కడ 1,500, అంటే సుమారు 6.7. కిలో సన్నబియ్యం 55కు 2.20 డాలర్లు, 25 వచ్చింది. ఒకే మోడల్ ఫోన్ 80,000కు 800, అది 100. లీటర్ పెట్రోల్ 108కు 80 సెంట్లు, ఏకంగా 135! మామూలు సగటు తీస్తే 54 వస్తుంది, పెట్రోల్, ఫోన్ కలిసి దాన్ని పైకి లాగేస్తాయి. అదే ఐదింటినీ గుణించి ఐదో మూలం తీయండి, స్కూల్లో చదివిన గుణమధ్యమమే, 25 దగ్గర ఆగుతుంది. ప్రపంచ బ్యాంకు నడిపే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం వందల వస్తువుల ధరలు సేకరించి, జనం దేని మీద ఎంత ఖర్చు పెడతారో ఆ తూకం వేసి తేల్చింది 20 చుట్టుపక్కల. నా ఐదు వస్తువుల లెక్కకు ఇంత దగ్గరగా రావడం కొంత అదృష్టమే లెండి.

ఒక జాగ్రత్త: వస్తువు రెండు చోట్లా ఒకే రకం కావాలి. ఇక్కడ దొడ్డు బియ్యం, అక్కడ బాస్మతి పెట్టారనుకోండి, లెక్క మొత్తం పాడే.

మన దగ్గర కటింగ్ అంత చవక ఎందుకంటారా? డాలస్ మంగలి మన వాడికంటే వేగంగా ఏమీ కత్తిరించడు. కానీ అక్కడ ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో జీతాలు ఎక్కువ కాబట్టి, అంత ఇవ్వకపోతే ఆ పని చేసే మనిషి దొరకడు. ఫోన్, పెట్రోల్ దేశాలు దాటి తిరుగుతాయి, క్షౌరశాల తిరగదు.

ప్రపంచ బ్యాంకు చెప్పే 20 లెక్కన మా బావమరిది జీతం ఇక్కడి లక్ష రూపాయలకు సమానం. నాలుగు లక్షల పాతిక వేలు కాదు. (నెలనెలా ఇంటికి పంపే డబ్బుకు మాత్రం మార్కెట్ రేటే, అది వేరే సంగతి.) దేశాలకూ ఇంతే: 2023లో మన తలసరి జీడీపీ మార్కెట్ రేటున సుమారు 2,500 డాలర్లు, కొనుగోలు శక్తిలో సుమారు 10,000. అమెరికాది సుమారు 82,000. తేడా 33 రెట్ల నుంచి 8 రెట్లకు దిగింది. ప్రపంచ బ్యాంకు సైట్‌లో 'ఇంటర్నేషనల్ డాలర్' (కొనుగోలు శక్తి ప్రకారం సరిచేసిన డాలర్) అని ఉన్న వరుస చూడండి. ఒకే ఏడాదిలో దేశాలను పోల్చాలంటే 'కరెంట్' (ఆ ఏడాది ధరలు), ఏళ్లు కూడా మారితే 'కాన్‌స్టాంట్' (స్థిర ధరలు).

సగటు దగ్గర కూడా ఆగాలి. రాష్ట్ర తలసరిని రంగారెడ్డి, హైదరాబాద్ పైకి లాగుతాయి, నారాయణపేటలో కూలికి పోయే మనిషికి ఆ 3.5 లక్షలు ఎక్కడా కనబడవు. వీలైతే మధ్యస్థ ఆదాయం, అంటే అందరినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషిది, వెతకండి.

ఇక డబ్బుకు చిక్కనివి. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన ఎముకలను ఏ జీడీపీ తీసివేతలోనూ రాయలేదు, కానీ ఆ నీళ్లు తాగలేక కొన్న 20 లీటర్ల క్యాన్, ఆసుపత్రి బిల్లు రెండూ కూడికలో చేరాయి. అందుకే 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ఆధ్వర్యంలో, అమర్త్య సేన్ ఆలోచనల సాయంతో మానవాభివృద్ధి సూచిక వచ్చింది: ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ కలిపి. 2023 లెక్కల్లో 193 దేశాల్లో మనది 130వ స్థానం, శ్రీలంకది 89. ఆ పట్టిక తెరిచినప్పుడు ర్యాంకు దగ్గరే ఆగకండి, పక్కనే ఉన్న ఆయుర్దాయం గడి, సగటు చదువు ఏళ్ల గడి విడివిడిగా చదవండి, ఎక్కడ వెనకబడ్డామో అక్కడే దొరుకుతుంది.